ఖాళీ వేశారా మేడమ్?

మార్చి 3, సోమవారం

ఈరోజు లాయరమ్మ మా ల్యాబుకు వచ్చింది. ప్రభుత్వం నిషేధించే మత్తుమందుల లిస్టు రాసేది ఆవిడే. హుషారు అనే కొత్త మత్తుపొడి మీద నేను రాసిన రిపోర్టు మొత్తం చదివేసి, చివరికి ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగింది.

“ఈ హుషారు అనేది దేనికైనా మందుగా పనికొస్తుందా?”

లేదన్నాను.

“ఏ డాక్టరైనా ఏ రోగానికైనా రాస్తున్నాడా?”

ఎవరూ రాయడం లేదన్నాను.

“రేపు ఎవడో కోర్టులో లేచి, మా తాతకి మగత వదలడానికి వాడానండీ అంటే?”

“తాతగారికి కాఫీ ఇవ్వమనండి” అన్నాను. ఆవిడ నవ్వుతూనే ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో కనపడలేదు.

మొత్తానికి 17వ తేదీ నుంచి ఉత్తర్వు అమలు. ఇన్నాళ్లూ ప్యాకెట్ మీద “మొక్కల మందు, తినరాదు” అని అచ్చేసి కొట్లో దర్జాగా అమ్మారు. తిన్నవాళ్లు నిద్రాహారాలు మాని, గోడలతో మాట్లాడి, ఆస్పత్రుల్లో తేలారు. కొందరు తేలనే లేదు. లిస్టులో పేరు లేదు కాబట్టి పోలీసులు చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. పేరు ఎక్కించేలోపు తయారుచేసేవాళ్లు అణువుకు ఒక తోక మార్చి కొత్త సరుకు దింపేవాళ్లు. ఈసారి లాయరమ్మ వంశం మొత్తాన్నీ పట్టుకుంది. అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు, వేలువిడిచిన మేనత్తలు, అందరూ లిస్టులోకే. చిటికెడు జేబులో ఉన్నా 17 నుంచి జైలు.

భోజనాల దగ్గర తమ్ముడికి చెప్పాను. చెప్పకూడదా? పేపర్లో వచ్చిందే కదా.

“మంచి పని చేశారక్కా” అన్నాడు.

మరీ తొందరగా అన్నాడు.

మార్చి 4

నేను సంతకం పెట్టింది దేనికో ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. తమ్ముడు కిందటేడు లిస్టులో ఉన్న పాత రకం పొడితో పట్టుబడ్డాడు. చికిత్స పూర్తి చేశాడు. కోర్టు వాణ్ణి నా పూచీ మీద వదిలింది. నా ఇంట్లోనే ఉండాలి, నా కనుసన్నల్లో ఉండాలి. మళ్లీ పట్టుబడినా, నేను పూచీ వెనక్కి తీసుకున్నా, మిగతా శిక్ష లోపలే.

అప్పటి నుంచి టైల్స్ మేస్త్రీ దగ్గర పని చేస్తున్నాడు. ఇప్పుడు మొదటిసారి సొంతంగా ఒక ఇల్లు ఒప్పుకున్నాడట. వంటిల్లు, రెండు బాత్రూములు. మేస్త్రీ పక్కన ఉండడట. పొద్దున్నే ఈల వేసుకుంటూ బూట్లు తొడుక్కున్నాడు.

బాత్రూములకు ఎవరైనా ఈల వేస్తారా?

మార్చి 6

నా రిపోర్టులో నేనే రాశాను, హుషారు వాడేవాళ్ల లక్షణాలు. నిద్ర తగ్గుతుంది. ఆకలి తగ్గుతుంది. మాటలు ఎక్కువవుతాయి. దవడలు బిగుస్తాయి.

వాడు రెండు ముద్దలు తిని లేచాడు. ఆ ఇంటివాళ్లు పాలరంగు అన్నారని, తీరా చూస్తే అందులో పసుపు ఛాయ ఉందని, మూల దగ్గర టైలు ఏటవాలుగా కోయాల్సి వస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. వాడంతట వాడే అన్నాడు. మనం అడగకముందే చెప్పేస్తే అనుమానం రాదు కదా. నేను దవడ వైపే చూస్తున్నాను.

“ఏంటక్కా, నా మొహం మీద మ్యాపేమైనా గీశారా? అంతలా వెతుకుతున్నావ్.”

“చిక్కిపోయావురా.”

“టెన్షనక్కా. గోడ వంకరొస్తే మేస్త్రీ నా తాట తీస్తాడు.”

నవ్వాను. నేను వాణ్ణి అనుమానించడం లేదు. వాడి కళ్లు మాత్రం చూశాను. కనుపాపలు పెద్దవిగానే ఉన్నాయి. గదిలో వెలుతురు తక్కువ.

మార్చి 7, శుక్రవారం

ఇన్‌స్పెక్టరు ఒక గోదాములో పట్టుకున్న సరుకు తెచ్చాడు. హుషారే, కల్తీ లేని మొదటి రకం. సాయంత్రం దాకా అదే పరీక్ష. యంత్రానికి నోరుంటే తిట్టేది.

మా యంత్రాన్ని చూసుకునేది లౌడ్‌స్పీకరు. ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినపడుతుంది. ఆయన మతమల్లా ఒకటే, ఖాళీ. ఏ పొడినైనా ద్రవంలో కరిగించి యంత్రంలోకి ఎక్కించే ముందు, ఏ పొడీ కలపని ఉత్త ద్రవాన్ని ఎక్కించాలి. గీత చదునుగా రావాలి. అది ఖాళీ. ఏమీ లేనిచోట ఏమీ లేదని యంత్రం ఒప్పుకున్నాకే, ఉన్నచోట ఉందని చెబితే నమ్మాలి. కాఫీ తాగబోయినా అడుగుతాడాయన, “ఖాళీ వేశారా మేడమ్?” అని. ఇంట్లో ఇదే జోకు వేస్తే తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. చికిత్స నుంచి వచ్చిన కొత్తలో వాడు నవ్వింది దానికే.

లౌడ్‌స్పీకరు రేపటి నుంచి సెలవు. మోకాలి నొప్పి.

మార్చి 8, శనివారం

బట్టలు ఉతుకుదామని వాడి గదిలోకి వెళ్లాను.

మురికి బట్టలు వాడు పొద్దునే బకెట్లో వేసిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వెళ్లాను, ఏదైనా మిగిలిందేమోనని. తలుపు వెనక పని చొక్కా వేలాడుతోంది. జేబులో చిన్న జిప్ కవరు, అందులో తెల్లటి పొడి.

ఇలాంటి కవర్లు నా బల్ల మీదకు రోజూ వస్తాయి. సైజు అదే, జిప్పు అదే. చిటికెడు తీసుకుని కవరు మళ్లీ అదే జేబులో పెట్టాను.

శనివారం ల్యాబు ఒంటిపూటే. సొంత పొడి తెచ్చి పరీక్షించడం తప్పని నాకు తెలుసు, ఆ రూలు కొత్తవాళ్లకు చెప్పేదే నేను. అందరూ వెళ్లాక చేశాను. పొడి సరిగ్గా కరగలేదు, చాలావరకు అడుగున పేరుకుంది. వాళ్లు దేన్నయినా కలుపుతారు, అది మామూలే. పైన తేరిన ద్రవం తీశాను. ఖాళీ వేస్తే ఇంకో అరగంట. గార్డు తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. నేరుగా ఎక్కించేశాను.

చదునుగా పోతున్న గీత ఒకచోట పైకి పొడుచుకొచ్చింది, పీక్ లేచింది. చిన్నదే. కానీ సరిగ్గా హుషారు లేవాల్సిన చోటే లేచింది.

“అయిందా మేడమ్?” అన్నాడు గార్డు.

అయింది.

మార్చి 9

వాడితో మాట్లాడలేదు. తలనొప్పి అన్నాను. టీ పెట్టి ఇచ్చాడు. తాగాలా వద్దా అని కాసేపు ఆలోచించి, సింకులో పోశాను.

మార్చి 10

యంత్రం గదిలో ఏసీ పాడైంది. బాగయ్యేదాకా తాళం. మంచిదే, దాని మొహం చూడక్కర్లేదు.

16 దాకా అది నేరం కాదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి చూసినా మొక్కల మందే. 17 పొద్దున్న అదే పొడి, అదే చొక్కా, అదే జేబు, జైలు. ఆ తేదీ రావడానికి నా రిపోర్టే కారణం. నా తమ్ముడి మెడకు నేనే తాడు పేనినట్టయింది. అంతకన్నా ముందు ఇంకో ఆలోచన వచ్చింది, అది రాయడానికి సిగ్గుగా ఉంది. నా పేరు పేపర్లో ఎలా పడుతుంది అని.

మార్చి 11, మంగళవారం

అడిగేశాను. చొక్కా తెచ్చి బల్ల మీద పడేసి, ఇదేంట్రా అన్నాను.

వాడు జేబులో చెయ్యి పెట్టి తీసి, తేలిగ్గా చూశాడు. ఆ తేలికతనమే నన్ను మండించింది.

“ఇదా? గ్రౌటక్కా. టైల్స్ సందుల్లో నింపే పౌడరు. రంగు కలిసిందో లేదో చూసుకోడానికి చిటికెడు పట్టుకెళ్తాం.”

“కవర్లోనా?”

“మరి గుప్పిట్లో పట్టుకెళ్లాలా?”

“నేను పరీక్ష చేశాను.”

వాడి మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. “ఎప్పుడు?”

“ఎప్పుడైతేనేం? మెషిన్ చెప్పింది.”

“మెషిన్ ఏం చెప్పిందో నాకు తెలీదు. నేను చెప్తున్నా కదా. నేను ముట్టలేదక్కా. ఒట్టు.”

ఒట్టు అన్న మాట కిందటేడు కూడా విన్నాను. అప్పుడు కూడా ఇలాగే నా కళ్లలోకి చూస్తూ వేశాడు.

“సరే, నన్నే టెస్టు చేయించు. రక్తం తీయించు, ఏం కావాలంటే అది తీయించు. ఇప్పుడే పద.”

“మామూలు టెస్టుల్లో ఇది దొరకదు. ఈ కొత్తవాటికి ఆ టెస్టు పట్టీలు పనిచెయ్యవు. అది తెలిసే అంటున్నావేమో.”

వాడు చాలా నెమ్మదిగా అడిగాడు. “టెస్టు చేయించుకుంటానన్నా నమ్మవు, చేయించుకోకపోయినా నమ్మవు. మరి నేను ఎలా చూపించుకోవాలక్కా?”

మంచి ప్రశ్నే. దొంగలు కూడా మంచి ప్రశ్నలు అడుగుతారు.

మార్చి 12

గ్రౌట్ అయితే పీక్ ఎందుకొస్తుంది? అడుగున పేరుకున్నది గ్రౌటే కావచ్చు, కాదనను. పైన తేరిన దాంట్లో ఉన్నదేమిటి? గ్రౌట్లో కలిపి దాచుకుంటే ఎవరికి తెలుస్తుంది? తెలివైనవాడు. చిన్నప్పుడు కూడా అట్టపెట్టెలో బిస్కెట్లు తినేసి, పెట్టె బరువు తగ్గకుండా రాళ్లు పెట్టేవాడు.

వాడు ఈల వేయడం మానేశాడు.

మార్చి 13, గురువారం

కోర్టు ఆఫీసుకు వెళ్లి పూచీ వెనక్కి తీసుకున్నాను.

వాడి మంచికే. 17లోపు లోపల ఉంటే కొత్త చట్టం కింద పడడు. పాత శిక్షలో మిగిలింది పూర్తిచేసి వస్తాడు. బయట ఉంటే కొత్త కేసు, కొత్త శిక్ష. ఎలా లెక్క వేసినా ఇదే మేలు. దారి పొడుగునా ఈ లెక్కే వేసుకుంటూ వెళ్లాను.

ఆఫీసరు కళ్లద్దాలు పైకి జరుపుకుని, “కారణం?” అన్నాడు.

“నమ్మకం పోయింది.”

“ఏదైనా చూశారా? దొరికిందా?”

దొరికిందంటే ఎక్కడ పరీక్ష చేశావని అడుగుతారు. “అక్కని కదండీ, తెలుస్తుంది” అన్నాను.

“అవునమ్మా, అక్కలకి తెలుస్తుంది” అంటూ జాలిగా ముద్ర వేశాడు.

మార్చి 14

పోలీసులు పని దగ్గరికే వచ్చి వాణ్ణి తీసుకెళ్లారట. మేస్త్రీ ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడి అరిచాడు.

“చేతులకున్న సిమెంటు కూడా కడుక్కోనివ్వలేదమ్మా! గోడ సగంలో ఉంది. ఆ ఇంటివాళ్ల ముందు నుంచి నడిపించుకుపోయారు. ఏం చేశాడని?”

“వాడికి నిద్ర లేదు, తిండి లేదు. మీకు తెలీదు.”

“తెలీకపోవడమేంటి? మొదటి పని ఒప్పుకున్నప్పుడు నాకూ నిద్రలేదు. పొద్దున్నే నాకు ఫోన్లు, మేస్త్రీ, ఆ మూల ఎలా కొయ్యాలి, ఈ మూల ఎలా కొయ్యాలి అని. పడుకోరా బాబూ అని నేనే తిట్టాను.”

“ఆ తెల్ల పొడి…”

“గ్రౌటమ్మా! కావాలంటే నా జేబు చూడు!” అని తన జేబులోంచి అలాంటి కవరే తీసి నా మొహం ముందు ఆడించాడు.

బాగా వెనకేసుకొస్తున్నాడు. కవర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయంటే ఇద్దరూ ఒకటేనేమో. తలుపు వేసుకున్నాను.

మార్చి 16

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు ఇలాగే బాగుంది.

బాగుంది అని రెండుసార్లు రాయబోయి ఆగాను.

మార్చి 17, సోమవారం

ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ల్యాబులో పెద్దసారు, అంటే మా డైరెక్టరు, అందరికీ స్వీట్లు పంచారు. లాయరమ్మ ఫోన్ చేసి అభినందించింది. నేను స్వీటు చేతిలో పట్టుకుని ఉన్నాను, అప్పుడు వినిపించింది లౌడ్‌స్పీకరు గొంతు. సెలవు అయిపోయింది, ఏసీ బాగైంది, యంత్రం గది తెరిచారు.

“మేడమ్! ఇలా రండి, వింత చూద్దురు గాని!”

వెళ్లాను. తెర మీద గీత. చదునుగా పోతూ పోతూ ఒకచోట లేచింది. చిన్న పీక్. నాకు తెలిసిన చోటే, నాకు తెలిసిన ఎత్తే.

“ఏం వేశారు?” అన్నాను.

“ఏం వెయ్యలేదు మేడమ్! ఇది ఖాళీ! ఉత్త ద్రవం! నా సెలవుకు ముందు శుక్రవారం ఆ గోదాము సరుకు ఎక్కించాం చూడండి, దాని మరక లోపల మిగిలిపోయింది. ఈ గొట్టం మార్చేదాకా నీళ్లు పోసినా హుషారనే అంటుంది ఇది. నయం, ఆ తర్వాత దీంట్లో ఎవరూ ఏమీ వెయ్యలేదు.”

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

“మీరేం వెయ్యలేదు కదా మేడమ్?”

స్వీటు ఇంకా చేతిలోనే ఉంది.

మార్చి 18

గొట్టం మార్చారు. లౌడ్‌స్పీకరు ఖాళీ వేశాడు, చదునుగా వచ్చింది. ఇంట్లో వాడి చొక్కా జేబులో కవరు అలాగే ఉంది. తెచ్చి ఆయన చేతికే ఇచ్చి, ఎవరిదో చెప్పి, వేయమన్నాను. ఆయన మొదటిసారి గట్టిగా మాట్లాడలేదు.

చదునుగా వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. అడుగున గ్రౌట్ తెల్లగా పేరుకుంది, శనివారం లాగే. ద్రవంలో కరగనిది కరగలేదని నా కళ్లతో నేనే చూశాను, నా చేత్తో నేనే ఇందులో రాశాను.

పెద్దసారుకు మొత్తం చెప్పాను. సొంత పొడి తెచ్చానంటే ఆయన అంతగా అదరలేదు. “ఖాళీ వెయ్యకుండానా? నువ్వా?” అన్నారు. అదే రెండుసార్లు అన్నారు.

తర్వాత తలుపు వేసి, గొంతు తగ్గించారు. “మళ్లీ పూచీ ఇచ్చెయ్. మనసు మారిందని చెప్పు. అక్కలకి మనసు మారుతుంది, ఎవరూ అడగరు. మెషిన్ సంగతి ఎత్తావంటే ఆ గోదాము కేసులో లాయర్లు మన మీద పడతారు. నీ కుర్చీ కూడా ఉండదు.”

అది నిజమే. కానీ నమ్మకం పోయిందని చెప్పిన దాన్ని, తిరిగొచ్చిందని మాత్రమే చెబితే, వాడి పేరు మీద ఆ మరక అలాగే ఉంటుంది. యంత్రంలో గొట్టం మార్చినట్టు అది మారదు.

మార్చి 19

కోర్టు ఆఫీసుకు వెళ్లి అన్నీ చెప్పాను. ఎక్కడ పరీక్ష చేశానో, ఎలా చేశానో, ఏది చేయలేదో. ఆఫీసరు ఈసారి కళ్లద్దాలు తీసేశాడు. జాలి లేదు.

మధ్యాహ్నం నుంచి నాకు బల్ల దగ్గర పని లేదు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. లౌడ్‌స్పీకరు నా టీకప్పు కవర్లో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఏమీ అడగలేదు. ఆయన అడిగి ఉంటే బాగుండేది.

మార్చి 21, శుక్రవారం

విడుదల విచారణ. నేను పూచీ కాగితం మీద సంతకం పెట్టడానికి ముందే పెన్ను మూత తీసి పెట్టుకున్నాను.

వాణ్ణి తెచ్చారు. గోళ్ల మొదట్లో ఎండిన సిమెంటు ఇంకా ఉంది. గెడ్డం పెరిగింది. నన్ను చూసి తలాడించాడు, బస్సులో తెలిసినవాళ్లు కనపడితే ఆడించినట్టు.

“అక్క ఇంట్లో ఉండడానికి సమ్మతమేనా?” అని మేజిస్ట్రేటు అడిగారు.

“లేదండీ” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. “మేస్త్రీ పూచీ ఉంటానన్నాడు. వాళ్లింట్లో ఉంటాను.”

వెనక బెంచీలోంచి మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నేను పెన్నుకు మూత పెట్టాను.

మార్చి 22

బట్టల కోసం వచ్చాడు. నేను ఇంట్లో ఉండే వేళకే వచ్చాడు, అందుకు సంతోషించాను.

“టీ పెట్టనా?”

“వద్దక్కా, కింద మేస్త్రీ ఉన్నాడు. ఆ గోడ ఈరోజు పూర్తి చెయ్యాలి. ఆ ఇంటివాళ్లు ఇంకో ఛాన్స్ ఇచ్చారు.”

“నాది తప్పురా” అన్నాను. ఇన్ని రోజులుగా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఆ ఒక్కటే మిగిలింది. ఏడ్చాను.

“తెలుసక్కా. లౌడ్‌స్పీకరు గారు వచ్చి చూశారు నన్ను. అంతా చెప్పారు. లోపల ఉన్న అందరికీ వినపడేలా చెప్పారు.” కొంచెం నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలనిపించింది.

లోపలికెళ్లి బట్టలు సంచిలో సర్దుకున్నాడు. నేను గది బయటే నిలబడ్డాను. ఆ గుమ్మం దాటకూడదని నాకు నేను చెప్పుకున్నాను, దాటలేదు.

వెళ్లేముందు బల్ల దగ్గర ఆగాడు. సంచి విప్పి, సర్దిన బట్టలు ఒక్కొక్కటే దులిపి బల్ల మీద పరిచాడు. ఎవరూ అడగలేదు. నేను అడగలేదు. తర్వాత ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. కొలత టేపు. పెన్సిలు ముక్క. బస్సు టికెట్టు. చొక్కా జేబులోంచి జిప్ కవర్లు, ఒకటి తెలుపు, ఒకటి బూడిద, ఒకటి పాలరంగు. వరసగా పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగాడు.

“చూసుకో అక్కా. తర్వాత మళ్లీ అనుకోకుండా.”

“వద్దురా, తీసెయ్” అన్నాను.

తల తిప్పుకోవాలని నిజంగానే అనుకున్నాను. కానీ నా కళ్లు అప్పటికే తెల్ల కవరు దగ్గర ఉన్నాయి. వాడు అది చూశాడు. నేను చూడడం పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, అన్నీ మళ్లీ జేబుల్లో సర్దుకుని, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లాడు.